బౌరాన్‌కు సెగ చూపిన మనిషి

మీ ఇంట్లో జరిగిన ఆఖరి పెళ్ళిలో డప్పు కొట్టినవాళ్ళు ఎక్కడ కూర్చుని తిన్నారు? గుర్తు చేసుకోండి. నేనూ గుర్తు చేసుకున్నాను. చాలా ఆలస్యంగా, పరాయి దేశంలో, పరాయివాళ్ళ పండుగలో.

2022 అక్టోబరులో దుబాయ్‌లో దిగాను. అంతకుముందు పదిహేడేళ్ళు సైన్యంలో, సిగ్నల్స్ విభాగంలో పనిచేసి హవల్దారుగా బయటికి వచ్చాను. ఇక్కడ సెక్యూరిటీ కంపెనీలో రెండేళ్ళ ఒప్పందం. దాన్ని నా చివరి పోస్టింగ్ అనే అనుకున్నాను. క్యాంపు దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో. గదికి ఆరుగురం. ఉదయం 4:40కి లేవడం, 5:30కి బస్సు. ఇచ్చిన సామాను: రెండు జతల యూనిఫారం, నల్ల బూట్లు, పసుపు జాకెట్, వాకీటాకీ, ఈల, నియమాల కార్డు. పొద్దున ఆరింటికే చొక్కా వీపుకి అంటుకుపోయేది. మంచుకొండల్లో సున్నాకి ఇరవై డిగ్రీల కింద కాపలా కాసినవాణ్ణి. వేడి గురించి ఎవరితోనూ అనలేదు.

దుర్గయ్య అదే క్యాంపులో ఉండేవాడు. క్లీనింగ్ కంపెనీ మనిషి, నలభై దాటినవాడు. జగిత్యాల వైపు. మా ఊరికీ వాళ్ళ ఊరికీ మధ్య పదకొండు కిలోమీటర్లు. మెస్సులో మొదటి రోజే నా ఊరడిగాడు, ఇంటిపేరడిగాడు. విన్నాక ప్లేటు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"కూసో దుర్గయ్యా. ఈడ కూడా ఏందిది?"

"అలవాటు పటేలా."

"పటేలా గిటేలా వద్దు. అన్నా అను."

"అంట తియ్ పటేలా."

ఇద్దరం నవ్వాం. సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడల్లా నేను యువజన సంఘంలో చర్చలు పెట్టినవాణ్ణి. దయ్యాల మీద, జాతకాల మీద, కులం మీద. ఒక మనిషి పుట్టుకతో ఎక్కువని రుజువు చూపించమని పెద్దల్ని నిలదీసినవాణ్ణి. కానీ పటేలా అన్న పిలుపు చెవిన పడినప్పుడు లోపల ఎక్కడో హాయిగా ఉండేది. రెండుసార్లు సరిచేశాను. మూడోసారి నుంచి మానేశాను.

2023 మార్చి. ఐరిష్ వాళ్ళు తమ సెయింట్ పాట్రిక్ పండుగ చేసుకుంటున్నారు. సముద్రపు ఒడ్డున ఒక హోటల్ పచ్చిక. నాది మూడో గేటు, మధ్యాహ్నం రెండు నుంచి ఎనిమిది దాకా. ఆదేశాలు మూడు. చేతికి పట్టీ ఉన్నవాళ్ళే లోపలికి. సిబ్బంది అతిథుల వస్తువులు ముట్టరాదు. ఏది జరిగినా వెంటనే కంట్రోల్‌కు చెప్పాలి. కంట్రోల్ గదిలో కూర్చునేది ఒక మలయాళీ. పొద్దుపోక అందరినీ ఆటపట్టించేవాడు.

"గేట్ త్రీ, హరా టోపీ మిలా క్యా?"

"నహీ సాబ్. సిర్ఫ్ పీలా జాకెట్."

పచ్చ టోపీ నాకెక్కడిది, పసుపు జాకెట్టే. లోపల అంతా ఆకుపచ్చే. టోపీలు, గడ్డాలు, కుక్కపిల్ల మెడలో రిబ్బను. పెద్ద స్టేజి, మనిషెత్తు స్పీకర్లు. వాటికి దూరంగా, నా గేటు దగ్గర, మాంసం కాల్చే బొగ్గుల పొయ్యి పక్కన, ఎనిమిది కుర్చీలు గుండ్రంగా వేయమన్నారు. మూడింటికి వేశాను. ఫిడేలు, వేణువు పట్టుకుని కొందరు వచ్చి ఒకరికొకరు ఎదురుగా, జనానికి వీపు పెట్టి కూర్చున్నారు. వాళ్ళలో ఒకావిడ నగరంలోని ఏదో బడిలో టీచరు. యాభై దాటిన మనిషి. ఆమె ఒడిలో గుండ్రటి చెక్క చట్రం, దానికి బిగించిన మేకతోలు, చేతిలో చిన్న పుల్ల. పేరు బౌరాన్ అని చెప్పింది. నాకు పేరు అవసరం లేకపోయింది. చట్రం కాస్త లోతు, అంతే. మన డప్పు.

"స్టేజి మీద ఆ గోలంతా దేశం దాటాక నేర్చుకున్నది" అంది. "ఆ టోపీలు చూస్తే మా అమ్మ నవ్వుతుంది. మా ఊళ్ళో సంగీతం వంటింట్లో. పాట తెలిసినవాళ్ళు కుర్చీ లాక్కుని కూర్చోవడమే."

"ఎవరని అడగరా?"

"అడుగుతాం. కుర్చీ ఇచ్చాక."

ఆ డోలు గురించి కూడా చెప్పింది. వాళ్ళ తాత కాలంలో దాన్ని వాయిద్యమనేవాళ్ళు కాదట. గింజలు చెరిగే తోలు చాటలాంటిదట. ఏడాదికి ఒక్కరోజు వీధిలో కొట్టేవాళ్ళట. ఫిడేలు వాళ్ళు పక్కన కూర్చోనిచ్చేవాళ్ళు కాదట.

"మరి తర్వాత?"

"తర్వాత మనుషులు మారారు. తోలు అదే తోలు."

తల ఊపాను. ఇది నా వాదనే అనుకున్నాను. ఊళ్ళో సభలో చెప్పడానికి మంచి ఉదాహరణ దొరికిందని సంతోషించాను కూడా.

5:10కి గాలి సముద్రం వైపు నుంచి తిరిగింది. తేమ వచ్చింది. పది నిమిషాల్లో తోలు సడలిపోయింది. టీచరు కొడుతోంది, శబ్దం లేవడం లేదు. దుర్గయ్య అక్కడే చెత్తడబ్బాలు ఖాళీ చేస్తున్నాడు. ఆగాడు.

"నానిన అట్టలెక్క మోగుతుంది పటేలా. తోలు చల్లవడ్డది. సెగ జూపియ్యాలె."

"నీ పని నువ్వు జూస్కో."

చూసుకోలేదు. నల్లా దగ్గర చేతులు కడుక్కుని వచ్చాడు. డోలు వైపు, బొగ్గుల వైపు వేలు చూపించాడు. ఆమెకు ఒక్క మాట అవసరం కాలేదు. "మా ఇంట్లోనూ పొయ్యి దగ్గరే పెడతాం" అని నవ్వి, తన చేతులతో తనే డోలు అందించింది.

దుర్గయ్య బొగ్గులకు మూరెడు దూరంలో దాన్ని పట్టుకున్నాడు. మెల్లగా తిప్పాడు. వేలి కణుపులతో తట్టి, చెవి పెట్టి, మళ్ళీ తిప్పాడు. నాలుగు నిమిషాలు. పిల్లకు జ్వరం చూసే మనిషిలా ఉన్నాడు. తర్వాత అరచేత్తో ఒక దెబ్బ, వేళ్ళతో మూడు. తోలు ఖణేల్మంది. ఫిడేలాయన కళ్ళు తెరిచి, ఆపకుండానే, ఆ దరువు అందుకున్నాడు. వేణువాయన తన కుర్చీ పక్కకు జరుపుకున్నాడు. టీచరు తొమ్మిదో కుర్చీ తెచ్చి ఆ సందులో వేసింది.

నా వైపు తిరిగింది. "ఆయన్ని అడగండి. మాతో కూర్చుంటాడా? మీ దగ్గర దీన్ని ఎవరు వాయిస్తారు?"

దుర్గయ్యకు ఇంగ్లీషు రాదు. కానీ కుర్చీ అర్థమైంది. నా ముఖంలోకి చూశాడు. ఆ చూపులో ఉన్న ఆశ చిన్నది. ఒక్క పాటసేపు కూర్చోవడం.

అప్పుడు నా వెనక ఒకాయన నవ్వాడు. ఆకుపచ్చ టోపీ, ఆఫీసు ఉద్యోగి. గేటు దగ్గర నా చొక్కా మీది ఇంటిపేరు చూసి, "మీరు మనవాళ్ళేనా, భలే" అని కరచాలనం చేసినాయన.

"ఏవండీ, చావు డప్పుని దుబాయ్ దాకా తెచ్చేశారే మనవాళ్ళు. వీళ్ళ ముందు పరువు తీసేట్టున్నారు."

కోపంగా అనలేదు. సరదాగానే అన్నాడు. ఆ ఒక్క నవ్వు చాలింది నాకు.

టీచరుతో అన్నాను: "ఆయన క్లీనర్, మేడమ్. సంగీతం రాదు. డ్యూటీ ఉంది."

దుర్గయ్యతో అన్నాను: "డ్రమ్ము ఆడ పెట్టు. మన ఇజ్జత్ తియ్యకు. నడువ్."

రేడియోలో అన్నాను: "కంట్రోల్, గేట్ త్రీ. క్లీనింగ్ సిబ్బంది చేతిలో అతిథి వస్తువు. తిరిగి ఇప్పించాను."

"చోరీ హై క్యా?"

దొంగతనమా అని అడిగాడు. కాదు అనడానికి ఒక్క క్షణం పడుతుంది. అనలేదు.

"రిపోర్ట్ మే లిఖూంగా, సాబ్."

సమయం 5:26. రిపోర్టులో అదీ రాశాను. అనుమతి లేకుండా ముట్టాడని రాశాను. ఆమె తన చేతులతో ఇచ్చిందని రాయలేదు. మర్నాడు అతని సూపర్‌వైజరు ఖలాస్, ఇక్కడ నీ పని అయిపోయింది అన్నాడు. దుర్గయ్యను కల్బాకు మార్చారు, అటు చివర, తూర్పు తీరానికి. ఆ తర్వాతి ఉదయం 5:20కి బస్సు వరసలో సంచితో కనబడ్డాడు.

"ఏమన్న రాసినవా పటేలా?"

"ఉన్నదే రాసిన."

"మంచిగనే రాసుంటవ్. సదువుకున్నోనివి."

వెటకారం లేదు. ఉంటే బాగుండేది.

ఆదేశం పాటించానని చెప్పుకోవచ్చు. సైనికుడు చెప్పుకోగలిగిన సులువైన మాట అదే. కానీ అది అబద్ధం. అతను బొగ్గుల దగ్గర నిలబడ్డ నాలుగు నిమిషాలూ ఆ నియమం నా జేబులోనే ఉంది. బయటికి తీయలేదు. మనవాడొకడు నవ్వాక తీశాను. నాకు ముందు గుర్తొచ్చింది కులం, తర్వాత కార్డు. నాకు దేవుడి మీద నమ్మకం లేదు, ముహూర్తాల మీద లేదు. కులం మీద మాత్రం ఉందని ఆ సాయంత్రం రుజువైంది. రుజువు కావాలని అందరినీ నిలదీసింది నేనే కదా.

2024 అక్టోబరులో తిరిగి వచ్చాను. దుర్గయ్య ఫోను పనిచేయడం లేదు. వాళ్ళ ఊరు పదకొండు కిలోమీటర్లే. రెండుసార్లు బయలుదేరి పొలిమేర దాకా వెళ్ళి బండి తిప్పాను. ఈ వారం తిప్పను. రిపోర్టులో రాయనిది అతని వాకిట్లో నిలబడి, అతని వాళ్ళందరూ వింటుండగా చెబుతాను.

ఒక్కటి మాత్రం నన్ను వదలదు. నడువ్ అన్నాక అతను డోలును ఆ తొమ్మిదో కుర్చీలో పెట్టాడు. నడుముకున్న గుడ్డ తీశాడు. తన అరచెయ్యి తగిలిన చోట తోలును తుడిచాడు. పట్టుకున్న చోట చట్రాన్ని తుడిచాడు. రెండుసార్లు.

"ఎందుకు తుడుస్తున్నాడు?" అని టీచరు నన్ను అడిగింది.

"దుమ్ము" అన్నాను.

ఎనిమిదింటికి నేనే కుర్చీలు మడిచాను. అప్పటిదాకా ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.

చదివి నిట్టూర్చి ఊరుకోకండి. మీ ఇంట్లో వచ్చే పెళ్ళికి, వచ్చే చావుకి, డప్పు కొట్టేవాళ్ళను లోపలికి పిలవండి. మొదటి బంతిలో, మీ పక్కన, మీ బంధువులు చూస్తుండగా కూర్చోబెట్టండి. ఎవరైనా నవ్వితే, నవ్వినవాణ్ణి లేపండి.