సాక్షిని వెంటబెట్టుకొని కౌన్సెలింగుకు

నా కొడుకు ఏడు నెలలు నాతో మాట్లాడలేదు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఒకే గంపలోని జొన్నరొట్టె. మాట మాత్రం కోడలి మీదుగా రావాలి. "మోటరు బంద్ జేసిండా, మీ మామనడుగు" అంటాడు, నేను మూడు మూరల దూరంలో కూర్చొని ఉండగానే. నేనూ తక్కువ తినలేదు. "జేసిన అని చెప్పు బిడ్డా" అనేవాణ్ణి.

ఇద్దరి మాటలూ మోసి మోసి ఆ పిల్లకు తలనొప్పి పట్టుకుంది. నిద్ర లేదు. గోలీలు పనిచేయలేదు. ఖేడ్ దవాఖానలో డాక్టరమ్మ సంగతంతా విని, ముగ్గురూ కలిసి కౌన్సెలింగుకు రమ్మంది.

కౌన్సెలింగంటే పంచాయితీ అనుకున్నాను. బడి చదువు అంతంతమాత్రమే అయినా అర్జీలు రాయడంలో మా ఊళ్లో నన్ను మించినవాడు లేడు. నాలుగు పేజీలు రాశాను. సాక్షిగా పక్కింటి ముసలాయన్ని కూడా ఆటో ఎక్కించాను. కల్హేర్ సంతలో కొడుకు ఒక ఎద్దును బేరమాడుతుంటే నేను దాని పళ్లు చూసి, ముసలిదని చెప్పి, వాడి చేతిలోంచి పలుపు గుంజుకొని అమ్మేవాడికి ఇచ్చేశాను. గొడవంతా అదే. ఎద్దు ముసలిదని చెప్పడానికే సాక్షి.

కౌన్సెలింగ్ చేసే అమ్మాయికి నా మనవరాలి వయసుంటుంది. సాక్షికి బయట బెంచీ చూపించి చాయ్ ఇప్పించింది. నా అర్జీ మడత కూడా విప్పలేదు. "ఈడ తీర్పుండదు తాతా" అంది. తీర్పే లేకపోతే ఇంతమందిని పిలవడమెందుకని నాకు ఒళ్లు మండింది. ఆమె పెట్టిన నియమం ఒకటే: ఒకరు చెప్పింది రెండోవారు ఉన్నదున్నట్టు తిరిగి చెప్పాలి, ఆ తర్వాతే తన మాట.

కొడుకు నేల చూస్తూ చెప్పాడు. నేను తిరిగి చెప్పాను: "ముసలెద్దును కొనబోతుంటె నేనే ఆపిన." అమ్మాయి తల అడ్డంగా ఊపింది. రెండోసారి కూడా ఎద్దు పళ్లే వచ్చాయి. కోడలు కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆ పిల్ల నవ్వి ఎన్నాళ్లయిందో.

మూడోసారి నోరు తిరిగింది. "పిల్లనిచ్చిన మామ ముంగట నీ చేతిలకెళ్లి పలుపు గుంజుకున్న. నలభై ఏండ్లోనివి. నీకు సిగ్గయింది."

నా నాలుగు పేజీల్లో సిగ్గు అన్న మాట ఎక్కడా లేదు. ఎద్దు ముసలిదే, ఆ మాట ఇప్పటికీ అంటాను. కానీ ఆ పూట అనలేదు. కోడలి వైపు చూడకుండా నేరుగా కొడుకునే అడిగాను, ఇంటికి పోయినంక కూడా మాట్లాడతావా అని.

వాడు తల ఎత్తాడు.

"మాట్లాడుత నాయినా. నువ్వు నడుమల అందుకోకుంటె."