తాతమ్మకి చీర

ఆ మాట పుట్టింది విజయవాడ రైల్వే స్టేషన్ వెనక, రావమ్మ ఇంట్లో. రావమ్మ హిజ్రా. ఉయ్యూరు దగ్గర కన్నవాళ్లు పెట్టిన పేరు రామకోటేశ్వరరావు. అందులో రావుని ఉంచుకుని పక్కన అమ్మని చేర్చుకుంది, గడుసుది! తనని చేరదీసిన గురువు పోయినప్పుడు, "మనకి ముందు పోయినవాళ్లని ఏమని తలుచుకోవాలమ్మా?" అని శిష్యురాలు సుబ్బరత్నం అడిగింది.

"పుట్టుక చూస్తే తాత, పెంపకం చూస్తే అమ్మ. తాతమ్మ అందాం."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! తాతమ్మంటే తాతకి తల్లి కదా," అని సుబ్బరత్నం పడీపడీ నవ్వింది. నవ్వినా మాట నిలిచింది. తొంభైల్లో ఆ వీధి హిజ్రాలందరికీ పోయిన పెద్దలు తాతమ్మలే.

2004లో రావమ్మే పోయింది. కామెర్లు. అన్న రత్తయ్య ఆసుపత్రికొచ్చి శవాన్ని ఊరికి తీసుకుపోయాడు. ఇన్నేళ్లూ గుమ్మం తొక్కనివ్వని మనిషికి ఇప్పుడు తమ్ముడు గుర్తొచ్చాడు, చూడండి! సుబ్బరత్నం కాళ్లావేళ్లా పడితే, "పెద్దకర్మకి రా. మావాడి పేరెత్తకు, మావాడి కోసం ఏడవకు. పదిమందిలో పరువు తియ్యకు," అన్నాడు.

పెద్దకర్మనాడు, పోయినవాళ్ల ఫొటో ముందు కొత్తబట్టలు పెడతారు. మగవాళ్లకి పంచె, ఆడవాళ్లకి చీర. ముప్పయ్యేళ్లు చీర కట్టిన మనిషికి వీళ్లు పంచె పెడతారని సుబ్బరత్నానికి తెలుసు. ఒక్క చీర పెట్టనిస్తే చాలు. రావమ్మకి ఇష్టమైన వంకాయరంగు నేతచీర కొని ఉయ్యూరు బస్సెక్కింది.

అనుకున్నంతా అయింది. మీసాల కుర్రాడి ఫొటో, ముందు పంచె. ఆ కుర్రాణ్ణి సుబ్బరత్నం ఎన్నడూ చూడలేదు. రత్తయ్య గుడ్లురిమి చూస్తున్నాడు. పేరెత్తకూడదు. ఏమనాలో తోచక, చీర రత్తయ్య భార్య చేతిలో పెట్టి, "తాతమ్మకండీ," అంది.

ఆవిడ మొహం విప్పారింది. "అయ్యో, మా పిల్లల తాతమ్మకా! ఎంత మంచి మనసమ్మా నీది!" అంటూ, గోడకున్న ముసలావిడ ఫొటోకి బొట్టుపెట్టి, చీర దాని కింద పెట్టింది. అందరూ దణ్ణం పెట్టుకున్నారు.

సుబ్బరత్నం నోరు తెరిచింది. కాదంటే చీర వీధిలో పడుతుంది, వెనకాలే తనూ. నోరు మూసుకుంది.

"మీ తాతమ్మ ఉందా అమ్మా?" అని ఆవిడ మాటవరసకి అడిగింది.

"పోయిందండీ," అంది సుబ్బరత్నం. "మొన్ననే."

అంతే, ఆసుపత్రి నుంచీ బిగబట్టుకున్న ఏడుపు తన్నుకొచ్చింది. నట్టింట్లో కూలబడి గుండెలు బాదుకుంది. రత్తయ్య లేవబోతే భార్య కసిరింది. "పాపం, వాళ్ల తాతమ్మ పోయిందటండీ. ఏడవనివ్వండి!" తర్వాత సుబ్బరత్నం భుజం నిమిరి, "ఊరుకోమ్మా, పండుముసలి కదా, పోయే వయసే," అంది.

యాభై నిండగానే పోయిన రావమ్మ కోసం, సుబ్బరత్నం ఆ ఇంట్లో అలా కరువుదీరా ఏడ్చింది.