మూరెడు దారం

కళ్ళలో చుక్కల మందు వేసుకుంటే కాసేపటికి దాని చేదు గొంతులోకి దిగుతుంది. ఈ ఉదయం ఆ చేదు తగలగానే నా ఎం.సి.ఏ. చివరి సెమిస్టరు, తిరువూరులో మా పక్కింటి ఖాసింబీ పిన్ని గుర్తుకొచ్చారు. జాకెట్ల మీద మగ్గం వర్కు చేసి ముగ్గురు పిల్లల్ని చదివించిన మనిషి ఆవిడ.

అప్పుడు ప్రాజెక్టు కోసం ఇంటికొచ్చి, రోజంతా లాప్‌టాప్ ముందే కూర్చునేదాన్ని. కళ్ళు మంటలు, సాయంత్రానికి అక్షరాలు అలుక్కుపోయేవి. చూపు బాగానే ఉందనీ, తెర ముందు ఏకబిగిన కూర్చోవద్దనీ డాక్టరు గారు చెప్పి చుక్కల మందు రాశారు. మందు వేసుకున్నాను గాని మాట వినలేదు. గడువులోగా ప్రాజెక్టు ఇవ్వకపోతే సంవత్సరం పోతుంది, ఇస్తే చూపు పోతుందేమోనని భయం. భయం పెరిగినకొద్దీ ఇంకాసేపు కూర్చునేదాన్ని. చదువుకున్నవాళ్ళ తెలివి అలాగే ఏడుస్తుంది.

ఒక మధ్యాహ్నం నా మొహం చూసి పిన్ని తన మగ్గం దగ్గరకు లాక్కెళ్ళారు. పెళ్ళివారి జాకెట్టు తొందరగా ఇవ్వాలట, సూదుల్లో దారం ఎక్కించి పెట్టమన్నారు. మాటిమాటికీ ఎక్కించడం ఎందుకని బారెడేసి తెంపాను. ఆవిడ వాటిని మూరెడు ముక్కలు చేశారు. నాకు ఒళ్ళు మండింది. పొడుగు దారమైతే పని త్వరగా అయిపోతుంది కదా అన్నాను.

"అయిపోద్దమ్మా, రెండు రోజులు. మూడో రోజు పూస కనపడదు."

అప్పుడు గమనించాను. దారం అయిపోయిన ప్రతిసారీ సూది గుడ్డకు గుచ్చి, కిటికీలోంచి దూరంగా మామిడితోట వైపు చూసి, నాలుగుసార్లు రెప్పలార్పి, ఆ తర్వాతే ఇంకో దారం అందుకుంటున్నారు. పెళ్ళివాళ్ళు తొందరపెడుతున్నా ఇంతేనా అని అడిగాను.

"తొందర వాళ్ళది, కళ్ళు నావి" అన్నారు.

ఇంటికెళ్ళి ప్రాజెక్టును చిన్న చిన్న ముక్కలు చేసుకున్నాను. ఒక్కో ముక్క కాగానే డాబా ఎక్కి దూరంగా చూసేదాన్ని. మొదటి రెండు రోజులూ ప్రాణం గిలగిల్లాడింది. వారానికి మంట తగ్గింది. గడువుకు ఒకరోజు ముందే ప్రాజెక్టు ఇచ్చేశాను.

పిన్ని పోయి రెండేళ్ళయింది. ఆవిడకు కృతజ్ఞత చెప్పుకోలేదన్న బాధ నాకుంది. ఇప్పుడు నేను యూనివర్సిటీలో పాఠాలు చెబుతున్నాను. ల్యాబులో పని ముక్కలుగానే ఇస్తాను. ముక్క అయ్యాక లేవనివాళ్ళను నేనే లేపి వరండాలోకి తరుముతాను. నా వెనకాల తిట్టుకుంటారని తెలుసు. మొన్న ఒకమ్మాయి మొహం మీదే విసుక్కుంది. ఆ కళ్ళలో ఎరుపు లేదు, నీళ్ళు లేవు. నన్ను సూటిగా చూసి మరీ విసుక్కుంది. నాకది చాలు.