తాళంచెవుల రోజెట్టా

మా వీధిలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు పొద్దున తొమ్మిదిలోపు ముందుగది కిటికీ పరదా పైకెత్తాలి. పరదా లేచిందంటే మనిషి లేచినట్టు. లేవకపోతే రోజెట్టా హార్‌గ్రోవ్ తాళంచెవుల గుత్తి తీసుకుని ఆ ఇంటికి వెళ్తుంది.

డెట్రాయిట్ తూర్పు వైపు, సగం ఇళ్లు కూలిపోయి ఆ జాగాల్లో గడ్డి మొలిచిన వీధి మాది. మిగిలిన ఇళ్ల తాళంచెవులన్నీ ఆమె నడుముకే వేలాడేవి. ఆమెకన్నా ముందు ఆ చప్పుడు వచ్చేది. వీధి సంఘానికి ఆమె అధ్యక్షురాలు. భర్త థర్మన్ బతికుండగా నెత్తికెత్తుకున్న పని, అతను పోయాక కూడా దించలేదు. ఎవరి ఇంటికైనా నీళ్లు ఆపేస్తే ఆఫీసుకి వెళ్లి, మళ్లీ వదిలేదాకా అక్కడే కూర్చునేది. ఎవరి కొడుకైనా కోర్టులో నిలబడితే వెనక వరసలో ఆమె ఊదారంగు టోపీ కనిపించేది. ఎవరైనా పోతే చర్చి కింది గదిలో భోజనాలు ఆమె చేతి మీదుగానే జరిగేవి. రాలేనివాళ్ల కోసం ప్లేట్లు కట్టి పంపేది. తనకని పెట్టుకున్న ప్లేటు కూడా చివరికి ఎవరి ఇంటికో వెళ్లిపోయేది.

నేను సిటీ బస్సు నడుపుతాను. ఆమె ఎదురిల్లు మాది. పొద్దున బండికి బయల్దేరేటప్పుడు ఆమె వంటగదిలో దీపం వెలుగుతూ ఉండేది. ఆమె ఎప్పుడు పడుకునేదో నాకు తెలియదు.

పెళ్లికి ముందు నుంచీ ఆమె, థర్మన్ జంటగా స్కేటింగ్ చేసేవాళ్లట. చేతులు పట్టుకుని వెనక్కి దొర్లుకుంటూ మలుపు తిరగడంలో వాళ్లకు సాటి లేదని పాతవాళ్లు ఇప్పటికీ అంటారు. ఆమె తెల్ల చక్రాల బూట్లు కారు డిక్కీలో, దానం కోసం పోగేసిన దుప్పట్ల కింద ఉండేవి. థర్మన్ పోయాక వాటిని బయటికి తీయలేదు.

కిందటి చలికాలంలో చర్చి వంటగదిలో ఆమె కళ్లు తిరిగి పడిపోయింది. రక్తపోటు విపరీతంగా ఉంది, విశ్రాంతి తీసుకోకపోతే ఈసారి లేవవు అన్నాడు డాక్టరు. ఆ సాయంత్రం చెల్లెలు ఐనెజ్ తన హెయిర్ సెలూన్ మూసేసి తిన్నగా వచ్చింది. నేను సూపు పట్టుకెళ్లి అక్కడే ఉన్నాను.

"ఏదీ, ఆ గుత్తి ఇలా ఇవ్వు," అంది ఐనెజ్.

"దేనికే?"

"బరువు చూద్దామని. రేపు నువ్వు పోతే స్వర్గం గేటు తాళాలు చూసుకునే సెయింట్ పీటర్ నిన్నే అడుగుతాడు, 'అమ్మా రోజెట్టా, నా తాళంచెవి కూడా నీ దగ్గరే ఉండిపోయిందా' అని."

రోజెట్టా నవ్వు ఆపుకుంది. "నోరు ముయ్యవే."

"మూస్తాను. మంగళవారం పొద్దున పెద్దవాళ్ల స్కేటింగ్ ఉంది. వస్తావా, ఈడ్చుకెళ్లనా?"

"మంగళవారం లూసిల్‌ని డయాలసిస్‌కి తీసుకెళ్లాలి."

"లూసిల్‌కి ఇద్దరు కొడుకులున్నారు. ఇద్దరికీ కార్లున్నాయి. సిగ్గే లేదు."

వస్తానంది. రెండు మంగళవారాలు ఏదో ఒకటి అడ్డొచ్చింది. ఆ తర్వాతి వారం ఐనెజ్ కారు తెచ్చి వాకిట్లో హారన్ మోగిస్తూ కూర్చుంది. ఫోన్ లాక్కుని కారు అరలో పడేసింది.

అక్కడ జరిగింది ఐనెజే నాకు చెప్పింది. మొదట కాసేపు కమ్మీ పట్టుకుని నడిచిందట. తర్వాత కమ్మీ వదిలిందట. పాత పాట ఒకటి మొదలవగానే ఉన్నట్టుండి మలుపులో వెనక్కి తిరిగిందట. "పైకి నవ్వేసింది. థర్మన్ పోయాక ఆ నవ్వు వినలేదు నేను," అంది.

ఆ పొద్దున మిస్టర్ లియోటిస్ ఇంటి పరదా లేవలేదు.

ఆయన ఇనుము కరిగించే కర్మాగారంలో పనిచేసి రిటైరైన మనిషి. ఒంటరివాడు, చక్కెర జబ్బు. మిసెస్ టాలీ నడకకు వెళ్తూ ఆ కిటికీ చూసింది. ఆయన పక్కింటి చర్చి పెద్ద, డీకన్ ఫ్రేజియర్, చెత్తడబ్బా లోపలికి లాక్కుంటూ చూశాడు. చూసినవాళ్లందరూ ఒకటే అనుకున్నారు: రోజెట్టా ఈపాటికి వెళ్లే ఉంటుంది.

మధ్యాహ్నం ఆమె కారు దిగింది. బూట్లు లేసులతో భుజాన వేలాడుతున్నాయట. వీధి అవతల నుంచే పరదా చూసి, భుజాన బూట్లతోనే ఆయన ఇంటికి వెళ్లింది. ఆయన వంటగది నేల మీద ఉన్నాడు.

నేను బండి దిగి వచ్చేసరికి అంబులెన్స్ వెళ్లిపోయింది. ఆమె వాకిలి మెట్ల మీద ఫోన్ చూస్తూ కూర్చుని ఉంది.

"ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు, బేబీ," అంది నాతో. "ఫోన్ చేతిలో ఉన్నా నాకు తెలిసేది కాదు."

"రాత్రే పోయి ఉండొచ్చన్నారట కదా."

"ఉండొచ్చన్నారు."

చర్చి కింది గదిలో ఆయన భోజనాలప్పుడు కూడా గరిటె ఆమె చేతిలోనే ఉంది. డీకన్ ఫ్రేజియర్ ప్లేటు చాపాడు.

"ఆ రోజు ఎక్కడికో వెళ్లారట కదా, సిస్టర్?"

"స్కేటింగ్‌కి."

"ఓ. మంచిదే. మంచిదే."

ఐనెజ్ చేతిలోని గ్లాసు బల్ల మీద గట్టిగా పెట్టింది. "డీకన్ గారూ, మీ ఇంటికీ ఆయనింటికీ మధ్య కంచె తప్ప ఏముంది? తలుపు కొట్టడానికి తాళంచెవి అక్కర్లేదే!"

"ఊరుకో ఐనెజ్," అంది రోజెట్టా. "చికెన్ చల్లారిపోతోంది. ఆయనకి ఇంకో ముక్క వెయ్యి."

డీకన్ ప్లేటు పట్టుకుని వెళ్లి కూర్చున్నాడు. తినలేదు.

బూట్లు ఈసారి డిక్కీలోకి కాక ఇంటి నేలమాళిగలోకి వెళ్లాయి. ఆమె తొమ్మిదింటికి కాకుండా ఎనిమిదికే వీధిలో తిరగడం మొదలుపెట్టింది. ఇకనుంచి మంగళవారాలు నాకు సెలవు, గుత్తి నాకివ్వండి మిస్ రోజెట్టా, అని అడిగాను.

"సెలవైతే పడుకో. నీ కళ్లు చూసుకున్నావా?" అంది. గుత్తిలోంచి ఒక తాళంచెవి వేరుచేసి నా చేతిలో పెట్టింది. అది మిస్టర్ లియోటిస్‌ది. "ఇది ఉంచు. ఇదొక్కటే ఇవ్వగలను."

మంచు కరిగాక ఒక పొద్దున మిసెస్ టాలీ పరదా లేవలేదు. తొమ్మిది దాటిందో లేదో నలుగురు ఆమె తలుపు బాదుతున్నారు. డీకన్ ఫ్రేజియర్ ఇంటి చెప్పుల్లోనే ఉరికొచ్చాడు. చివరికి తలుపు తెరుచుకుంది. మిసెస్ టాలీ తలకు పట్టుగుడ్డ, కళ్లల్లో నిప్పులు.

"ముసలిదాన్ని ఒక్క పూట నిద్రపోనివ్వరా? డీకన్, ఆ కాళ్లేమిటి, చలికి నీలమైపోయాయి! లోపలికి తగలడు, కాఫీ పెడతాను."

అందరూ నవ్వారు. నేను వెనక్కి తిరిగి చూశాను. రోజెట్టా తన వాకిట్లో కోటు వేసుకుని, గుత్తి చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. ఆమెను ఎవరూ పిలవలేదు. కాసేపు అలాగే చూసి లోపలికి వెళ్లిపోయింది.

తర్వాతి మంగళవారం ఆమె మా ఇంటికి వచ్చింది. భుజాన బూట్లున్నాయి. గుత్తీ, ఫోనూ నా ఒళ్లో పెట్టి కారెక్కింది. నేనూ వెంట వెళ్లాను.

స్కేటింగ్ హాల్లో బెంచీ మీద కూర్చుని చాలాసేపు లేసులు కట్టింది. ఐనెజ్ అప్పటికే తిరుగుతోంది. చెయ్యి ఊపి రమ్మంది. రోజెట్టా కదల్లేదు. అంతలో ఫోన్ మోగింది. ఆమె తల తిప్పింది.

"నేను చూస్తాను," అని బయటికి వచ్చాను. లూసిల్.

"రోజెట్టా ఏదీ?"

"ఇక్కడ లేదు. నాకు చెప్పండి."

"నీకా? నువ్వెవరు?"

ఎవరో చెప్పి, ఆమె పెద్దకొడుకు నంబరు తీసుకుని అతనితో మాట్లాడి లోపలికి వచ్చాను. గుత్తి బరువుకు నా నడుం పట్టీ జారుతోంది. మిస్టర్ లియోటిస్ తాళంచెవి కూడా మళ్లీ దానికే తగిలించాను; వేరే ఎక్కడ పెట్టాలో నాకు తోచలేదు.

రోజెట్టా బెంచీ మీదే ఉంది. కళ్లు నేల మీద ఉన్నాయి. ఏదో పాత పాట మోగుతోంది. ఒక కాలు మాత్రం తివాచీ మీద పాటకి తగ్గట్టు ముందుకీ వెనక్కీ దొర్లుతోంది.

"లూసిల్ కదా?" అంది తల ఎత్తకుండా.

"ఆఁ. కొడుకు తీసుకెళ్తున్నాడు."

"వాడు ఆలస్యం చేస్తాడు."

"చెయ్యనీండి."

పాట అయిపోయింది. ఇంకోటి మొదలైంది. లేసులు విప్పుతుందనుకున్నాను. విప్పలేదు. లేవలేదు కూడా. కాలు దొర్లుతూనే ఉంది.