ఎర్ర దారం కట్టిన మొక్క

మా పిన్ని ఫోటో ఫ్రేముల షాపులో గాజు కోస్తుంది. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. కోతలో మిగిలిన ముక్కల్ని యజమాని పారేయమంటే ఆవిడ ఇంటికి మోసుకొచ్చేది. వాటిని పాత కిటికీ చట్రాల్లో బిగించి, మేడ మీద ఒక మంచం పట్టేంత గది లేపింది. అందులో ఏ రెండు పలకలూ ఒక్కలా ఉండవు. మేమందరం దాన్ని గ్రీన్‌హౌస్ అనేవాళ్ళం. బాబాయి మాత్రం "అతుకుల మహలు" అనేవాడు.

అందులో పిన్ని లెట్యూస్ పెంచేది. వండకుండా పచ్చిగా తినే ఆకు. మొదట్లో నేను "తినడానికి నేనేమైనా మేకనా?" అని వెక్కిరించాను. తర్వాత గిన్నెలకు గిన్నెలు ఖాళీ చేశాను, అది వేరే సంగతి. ఆ విత్తనం మీద మట్టి కప్పకూడదు, వెలుతురు తగిలితేనే మొలుస్తుంది. తడి మట్టి మీద చల్లి, వేలితో మెల్లగా ఒత్తి వదిలేయాలి. ఎండలు ముదిరితే తడిగుడ్డలో చుట్టి రెండు రోజులు ఫ్రిజ్‌లో పెట్టాలి, లేకపోతే అలిగి పడుకుంటుంది. "నీకంటే పెంకిది" అనేది పిన్ని నన్ను చూసి.

అసలు చిక్కు ఎండతోనే. వేడి తగలగానే మొక్క మధ్యలోంచి పూతకాడ లేస్తుంది, ఆకు చేదెక్కుతుంది. ఎవరు పెంచినా అంతే. పిన్ని మొండిది కదా, ఊరుకోలేదు. ఏటా అన్నిటికంటే ఆలస్యంగా కాడ లేచిన మొక్కకి ఎర్ర దారం కట్టేది. దాని ఆకు ఒక్కటి కూడా తుంచనిచ్చేది కాదు. అది పూసి, ఎండి, విత్తనమయ్యాక మళ్ళీ ఏడు ఆ విత్తనమే చల్లేది. అలా తొమ్మిదేళ్ళు. తొమ్మిదో ఏట ఒక మొక్క, మిగతావన్నీ కాడలు లేచి పీకేసిన తర్వాత కూడా, ఇరవై నాలుగు రోజులు గుండ్రంగా, మెత్తగా నిలబడింది.

"ఇది గింజ పట్టిందంటే వేసవంతా వీధి వీధికీ ఆకు పెట్టొచ్చే" అంది నాతో. ఆవిడ మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. ఆ ధీమాతోనే కిందటేటి విత్తనం పొట్లాలన్నీ ఇరుగుపొరుగుకి పంచేసింది. వాళ్ళు వేసుకున్నారు, తిన్నారు. గింజ దాచే ఓపిక ఎవరికుంటుంది? పీకేసిన మొక్కల చోట మాత్రం, ఇంట్లోకి కాస్త ఆకు కోసం, పిన్ని బజారు పొట్లం విత్తనం చల్లింది.

అవి కాస్త ఎదిగేసరికి మా అమ్మకి కంటి ఆపరేషన్ జరిగింది. అక్క దగ్గరుండాలని పిన్ని నాలుగు రోజులు మా ఇంటికొచ్చింది. మొక్కల్ని బాబాయికి అప్పజెప్పింది.

బాబాయి మంచివాడు. ఈ మాట రాయడానికే నాకు ఒళ్ళు మండుతోంది, కానీ అది నిజం. పలకలు బిగించడానికి నిచ్చెన పట్టుకున్నదీ ఆయనే, మట్టి బస్తాలు మేడెక్కించిందీ ఆయనే. పిన్ని తిరిగొచ్చి ఎర్ర దారం మొక్క ముందు కూర్చుని, "నాలుగు రోజుల్లో ఇలా చిక్కిపోయావేమే?" అంటే, "నీళ్ళు తక్కువయ్యాయేమోనే, తప్పు నాదే" అన్నాడు. ఆవిడ నవ్వేసి ఊరుకుంది.

ఆ మొక్క గింజ పట్టింది. మరుసటి ఏడు పిన్ని ట్రేల నిండా చల్లింది. మొదటి ఎండ వారానికే ఒక్కటి కూడా మిగలకుండా అన్నిటికీ కాడలు లేచాయి. ఆకు నోట పెడితే విషం.

పిన్నికి అది మింగుడు పడలేదు. తప్పెక్కడ జరిగిందా అని పగలంతా అదే ధ్యాస. చివరికి ఆ తప్పు తన చేతుల మీద వేసుకుంది. షాపులో గాజు పొడి అంటుకుని వస్తోందని, అదే విత్తనాన్ని చెడగొట్టిందని నమ్మింది. మేడెక్కే ముందు సబ్బుతో రుద్ది రుద్ది కడిగేది. వేళ్ళు పగిలి నెత్తురు చిమ్మేవి. బాబాయి పక్కన కూర్చుని, "అంతలా ఎందుకే" అంటూ మందు రాసేవాడు. నేను చూశాను. ఎంత అదృష్టవంతురాలు అనుకున్నాను కూడా. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

ఏడాది తిరిగింది. నా సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించడానికి నేను షాపులో ఉన్నప్పుడు, బాబాయి వాళ్ళ ఆఫీసరు భార్య పెళ్ళి ఫోటో పట్టుకుని వచ్చింది. పిన్నిని చూడగానే మొహం విప్పారింది.

"మీరాండీ! రెండేళ్ళ కిందట మీరు లేనప్పుడు మీ ఇంట్లో తిన్న ఆకు రుచి ఇప్పటికీ మర్చిపోలేదు. మీ ఆయన మాకోసమని ఎర్ర దారం కట్టి దాచినదాన్నే పీకి తెచ్చారు. దారం విప్పి జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నారు కూడా, ఏంటా అని నవ్వుకున్నాం."

పిన్ని చేతిలోని గాజు పగల్లేదు. గీత పూర్తి చేసి, పలక విడదీసి, అంచు తుడిచి పక్కన పెట్టింది. "ఫోటో గురువారం ఇస్తానండీ" అంది. నేనైతే అక్కడే అరిచి గోల చేసేదాన్ని.

ఇంటికెళ్ళేసరికి బాబాయి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

"దారం మార్చి కట్టావా?" అని అడిగింది పిన్ని.

ఆయన ఇస్త్రీ ఆపకుండానే చెప్పాడు. "ఆఫీసరు వాళ్ళు ఉన్నపళంగా వస్తామన్నారే. పక్కనున్నవి లేత మొక్కలు, గిన్నెడు ఆకు కూడా రాదు. నువ్వు బాధపడతావని, అందులో ఒకదానికి దారం కట్టాను. అదీ లెట్యూసే కదా."

"అది బజారు పొట్లం మొక్క."

"నాకేం తెలుసే? చెబుదామనే అనుకున్నా. రోజులు గడిచేకొద్దీ నోరు రాలేదు."

"నా చేతుల్ని నేను తిట్టుకుంటుంటే కూడా రాలేదా?" పిన్ని తన వేళ్ళు ఆయన ముందు చాచింది. "వీటికి మందు రాశావు. రోజూ రాశావు. రాస్తూ కూడా చెప్పలేదు."

ఆయన ఇస్త్రీపెట్టె నిలబెట్టి తల దించుకున్నాడు. మొక్క పోయినందుకు పిన్ని ఏడవలేదు. ఆ మందు గుర్తొచ్చి ఏడ్చింది. నాకు ఆయన్ని చూడబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున్నే పిన్ని మేడెక్కి కొత్త ట్రేలో మట్టి తడిపి, బజారు పొట్లం చింపింది. మళ్ళీ మొదటి ఏడు. నేను పక్కన నీళ్ళ సీసా పట్టుకుని నిలబడ్డాను. బాబాయి మెట్లెక్కి వచ్చి గుమ్మం దగ్గర ఆగాడు.

"నేనూ సాయం చేస్తానే" అన్నాడు.

పిన్ని విత్తనాలు ఒత్తుతూనే, తలెత్తకుండా, "మీరు కిందికి వెళ్ళండి" అంది.

ముప్పై ఒక్కేళ్ళ కాపురంలో ఆవిడ ఆయన్ని ఎప్పుడూ "మీరు" అనలేదు. ఆ మాట ఇంకెవరినో అన్నదనుకుని బాబాయి వెనక్కి తిరిగి చూశాడు. మెట్ల మీద ఎవరూ లేరు.