రెండోసారి తువ్వాళ్ళు

కొత్తగా ఊళ్ళోకి వచ్చినవాళ్ళు ఇంటి పని మొదలుపెట్టే ముందు చుట్టుపక్కల ఇళ్ళకు తువ్వాళ్ళు పట్టుకుని వెళ్ళాలి. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వెళ్ళాలి. గుమ్మం ముందు నిలబడి, నడుం వంచి, "దుమ్ము లేస్తుంది, చప్పుడవుతుంది, కాస్త ఓర్చుకోండి. ఇకమీదట మీ అండన ఉంటాం" అని చెప్పాలి. మిత్సుయోకి ఈ మర్యాదలు ఒకరు నేర్పక్కర్లేదు. అయినా ఆ మార్చి ఉదయం, తెల్లకాగితం చుట్టి పైన ఇంటిపేరు రాసిన తువ్వాళ్ళ సంచీ భుజాన వేసుకుని, ఆ కొండలోయ పల్లెలో ఒక్కతే బయలుదేరింది.

"మీ ఆయన రాలేదేం?" అని మొదటి గుమ్మంలోనే అడిగింది నుయి మామ్మ. ఎదురింటావిడ. ఎనభై దాటాయి. నడుం ఎప్పుడో వంగిపోయింది గానీ నోరు మాత్రం నిటారుగానే ఉంది.

"ఆయనకు మాట తక్కువండీ. మనుషుల్లో కలవరు. నడక మాత్రం బాగా నడుస్తారు. దారిలో కనిపిస్తే పలకరించకండి, ఆయన మానాన ఆయన్ని వదిలెయ్యండి. ఏమీ అనుకోకండి."

"మొగుడు మాట్లాడకపోవడం కూడా ఒక అదృష్టమేలే అమ్మా. మా ఆయన పోయేదాకా వాగుతూనే ఉన్నాడు" అంది మామ్మ.

ఇదే మాట మిత్సుయో ప్రతి గుమ్మంలోనూ చెప్పింది. ఆఖరింటికి వచ్చేసరికి ఆ అబద్ధం ఎంత నున్నగా వచ్చిందంటే, అదే నిజమేమోనని ఆమెకే అనిపించింది. ఆ సమయానికి ఆమె భర్త కియొహారు కొత్తగా కొన్న ఇంటి వెనకగదిలో ఉన్నాడు. బయట గడియ పెట్టి వచ్చింది తనే.

కియొహారు మాట తక్కువ మనిషేమీ కాదు. నగరంలో ఉద్యోగం చేసినంత కాలం రైలు నడిపాడు. రైలు నడిపేవాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. తెల్ల గ్లౌజు వేసుకున్న చేత్తో సిగ్నల్ని చూపించి, చూసిందేదో పైకి అరిచి చెప్పాలి. కన్నూ చెయ్యీ నోరూ మూడూ ఒక్కమాట మీద ఉంటే తప్పు జరగదని వాళ్ళ నమ్మకం. రిటైరైనా కియొహారుకి ఆ అలవాటు పోలేదు. ఇంట్లోంచి బయటికి వెళ్ళేముందు పొయ్యి వైపు వేలు చూపించి "గ్యాసు, కట్టేశాం!" అనేవాడు. తర్వాత "కిటికీ, వేశాం! మిత్సుయో, ఉంది!" అని కూడా అరిచేవాడు. నాలుగంతస్తుల మెట్లు దిగుతూ ఆమె పకపకా నవ్వేది.

లిఫ్టు లేని ఆ నాలుగో అంతస్తులోనే వాళ్ళ సంసారమంతా గడిచింది. పిల్లలు లేరు. మోకాళ్ళు మొరాయించడం మొదలయ్యాక, "చచ్చేలోగా నేలమీది ఇంట్లో పడుకోవాలోయ్" అని ఆయనే వెతికి వెతికి ఈ పాత ఇల్లు పట్టుకున్నాడు. గదులన్నీ చీకటి, పైకప్పు కారుతోంది. కానీ ముందు దారికి ఎదురుగా పొడవాటి చెక్క వసారా ఉంది. చూడటానికి వచ్చిన రోజే బూట్లు విప్పేసి దానిమీద చతికిలబడ్డాడు. "మిత్సుయో, ఇదే ఆఖరి స్టేషను. ఇక నన్నిక్కణ్ణించి ఎక్కడికీ పంపకు" అన్నాడు. ఆమె నవ్వి, "మీరు ఆ వసారా దిగితే గదా పంపడానికి" అంది.

ఇల్లు వాళ్ళ పేరు మీదికి వచ్చాకనే డాక్టరు ఆయన జబ్బు పేరు చెప్పాడు. మతి పోతోంది, నెమ్మదిగా పోతుంది, తిరిగి రాదు.

మిత్సుయో ఏడవలేదు. పళ్ళు బిగించి ఒక నిర్ణయానికి వచ్చింది. ఆయన కడసారి వెళ్ళేది ఈ ఇంట్లోంచే. అందుకని ఎవరికీ తెలియకూడదు. నగరంలో వాళ్ళ కింది అంతస్తులో ఒక ముసలావిడకు ఇదే జబ్బు వచ్చింది. మొదట్లో అందరూ అయ్యో పాపం అన్నారు. తర్వాత పొయ్యి ఆర్పడం మర్చిపోతోందన్నారు. ఆ తర్వాత నలుగురూ కూచుని మాట్లాడుకుని, కొడుక్కి కబురుపెట్టి, ఆవిణ్ణి వృద్ధాశ్రమానికి పంపించేశారు. ఆ నలుగురితో పాటు మిత్సుయో కూడా తలూపింది. జాలి ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో ఆమెకు బాగా తెలుసు.

ఇంటి పనికి తెరాయ్ అనే మేస్త్రిని పెట్టుకుంది; గారు అన్నట్టు "తెరాయ్ సాన్" అని పిలిచేది. ఆ లోయలో వడ్రంగం చేసేది ఆయనొక్కడే. చెవిలో పెన్సిలు, నోట్లో పాట, ప్రతిదానికీ ఒక వ్యాఖ్యానం.

"ఏంటమ్మా, గడపలన్నీ తీసెయ్యాలా? గోడ పొడుగునా పట్టుకోడానికి కడ్డీలా? స్నానాలగదిలో కుర్చీయా? మీ ఆయన చూస్తే గుర్రంలా ఉన్నాడు!"

"ఇవాళ గుర్రమే తెరాయ్ సాన్. రేపటి సంగతి ఎవరికి తెలుసు?"

"అదీ నిజమే. నా మోకాలు కూడా నన్నడక్కుండానే పోయింది."

గడపలు పోయాయి. తలుపులు చక్రాల కుర్చీ పట్టేంత వెడల్పయ్యాయి, వేలితో తోస్తే చాలు చప్పుడు లేకుండా జరిగిపోతున్నాయి. పడకగది పక్కనే మరుగుదొడ్డి వచ్చింది. చివరికి మిత్సుయో వసారా దగ్గరికొచ్చి, "దీన్ని మూసెయ్యండి. కిందినుంచి పైదాకా గోడ. పైన చిన్న కిటికీ చాలు, లోపలున్నది బయటికి కనపడని గాజు" అంది.

తెరాయ్ రంపం కింద పెట్టాడు. "అమ్మా, ఈ ఊళ్ళో వసారా మూసిన ఇల్లు లేదు. దారినపోయేవాళ్ళు కాసేపు కూచునేది అక్కడే."

"చలి కొడుతుంది."

"చలికి తలుపులున్నాయి గదా?"

"ఇల్లు నాది తెరాయ్ సాన్."

"మీదే. మీ ఇష్టమే" అని వసారా చెక్కలు ఊడదీసి తన కొట్టుకు పట్టుకెళ్ళాడు. ఆ గోడ లేచినన్నాళ్ళూ ఆయన నోట పాట రాలేదు.

గోడ పూర్తయ్యాక కియొహారు ప్రతి ఉదయం అక్కడికి వచ్చి నిలబడేవాడు. కొత్త పలకల మీద అరచేత్తో తడిమేవాడు. "మిత్సుయో, ఇక్కడ వసారా ఉండాలి గదా?"

"ఇక్కడ కాదండీ. అది మనం చూసిన ఇంకో ఇల్లు."

"అవునా" అని నమ్మేవాడు. "అది కొనుక్కోవాల్సింది. బాగుండేది."

ఆయన అంత తేలిగ్గా నమ్మడమే ఆమెను కాల్చేసేది. ఊరికి అబద్ధం చెప్పింది సరే, కట్టుకున్నవాడికి కూడా చెబుతోంది. కొత్త స్నానాలగదిలో కుళాయి బారుగా విప్పి, ఆ కుర్చీ మీదే కూచుని ఏడ్చేది. ఆయన కోసం ఇంత అందంగా కట్టించిన ఇంట్లో ఆయనకు కావలసిందొక్కటే లేదు, దాన్ని తీసేయించింది తనే.

వేసవి అలాగే నెట్టుకొచ్చింది. ఎవరైనా వస్తే వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడి పంపేసేది. రానురాను రావడం మానేశారు. పొగరనుకున్నారు. అనుకోనీ అనుకుంది.

నవంబరులో ఒకరోజు వంటగదిలో ముల్లంగి ఊరగాయకు ఉప్పు పట్టిస్తోంది. చేతులు కడుక్కుని ఆయన్ని భోజనానికి పిలిస్తే పలుకు లేదు. వెనక తలుపు తీసి ఉంది. తట్టుకోడానికి గడప లేదు, కిర్రుమనడానికి పాత తలుపు లేదు. బూట్లు లేవు. బీరువాలో గ్లౌజుల పెట్టె తెరిచి ఉంది.

అప్పుడైనా అరిచి ఊరిని పిలవచ్చు. పిలవలేదు. గొడుగు తీసుకుని ఒక్కతే బయలుదేరింది. చేల గట్ల వెంట, వాగు పక్కన, కొండ మీది గుడి మెట్ల దాకా తిరిగింది. దారిలో ఎవరో కిటికీలోంచి, "వానలో ఎక్కడికమ్మా?" అని అడిగితే, "ఊరికేనండీ, గాలి కోసం" అని నవ్వింది కూడా. ఆ నవ్వును తర్వాత ఎన్నిసార్లు తలుచుకుందో, తలుచుకున్న ప్రతిసారీ తనని తాను ఎన్ని తిట్లు తిట్టుకుందో లెక్కలేదు. వాన ముదిరింది. వెలుగు తగ్గుతోంది. చివరికి నుయి మామ్మ తలుపు మీద రెండు చేతులతో బాదింది.

"మా ఆయన కనపడట్లేదు మామ్మా. ఆయనకు... ఆయనకు మతి లేదు. జబ్బు. మీకందరికీ అబద్ధం చెప్పాను."

మామ్మ ఆశ్చర్యపోవడానికి కూడా ఆగలేదు. "ఎప్పుడు పోయాడు? ఏం బట్టలు?" అంటూనే ఫోను అందుకుంది. కాసేపట్లో దారి నిండా టార్చిలైట్లు, వానకోట్లు. అందరిలోకీ ఇవావొ అనే పెద్దమనిషి మొహం పాలిపోయింది. పర్సిమన్ పళ్ళ తోటాయన.

"నేను చూశానండీ. భోజనాల వేళకు కాస్త ముందు. తెల్ల గ్లౌజులేసుకుని పాత స్టేషను వైపు పోతున్నారు. పలకరించొద్దన్నారు గదాని తల తిప్పుకున్నాను."

ఆ స్టేషనుకు బళ్ళు ఆగిపోయి ఏళ్ళయింది. పట్టాల మధ్య గడ్డి మొలిచింది. తెరాయ్ తన చిన్న ట్రక్కులో వెళ్ళి చూస్తే, కియొహారు ప్లాట్‌ఫారం అంచున నిటారుగా, ముద్దగా తడిసి, వేలు చాచి నిలబడి ఉన్నాడట. పళ్ళు టకటకలాడుతున్నా, "బండి ఆలస్యం. ప్రయాణికులు మన్నించాలి" అన్నాడట.

ఊపిరితిత్తులకు నెమ్ము చేసింది. ఆస్పత్రిలో చాన్నాళ్ళు ఉన్నాడు. కాస్త తేరుకున్నాక, రోగుల్ని ఇళ్ళకు పంపే విషయం చూసే ఆవిడ మిత్సుయోని పక్కకు పిలిచింది. "ఇల్లు చాలా బాగా చేయించుకున్నారని విన్నాను. కానీ ఇల్లు మనిషిని చూసుకోదు గదమ్మా. మీరు కాక ఇంకెవరున్నారు ఆయన్ని కనిపెట్టుకుని ఉండటానికి?"

మిత్సుయో మనసులో ఊళ్ళో గుమ్మాలన్నీ తిరిగొచ్చింది, చెప్పడానికి ఒక్క పేరూ దొరకలేదు.

"ఎవరూ లేకపోతే ఆశ్రమమే మంచిది. ఒక వారం ఇంటికి పంపి చూద్దాం, ఆలోగా ఎవరైనా ఉంటే చెప్పండి."

ఆ సాయంత్రం ఇవావొ బుట్టెడు పళ్ళతో వచ్చాడు. వాకిట్లో మోకాళ్ళ మీద కూచుని, నుదురు నేలకు ఆనించి, "నా తప్పే. క్షమించండి" అన్నాడు. తను చెప్పిన అబద్ధాన్ని మాట పొల్లుపోకుండా పాటించిన మనిషి, తనకే క్షమాపణ చెబుతున్నాడు. మిత్సుయోకి తల కొట్టేసినట్టయింది. తనూ నేలమీద కూలబడి, "లేవండి, దయచేసి లేవండి" అంటూ భోరుమంది.

మర్నాడే తెరాయ్‌కి ఫోను చేసింది. "ఆ గోడ తీసెయ్యాలి."

"వసారా గోడేనా?"

"అదే. పాత చెక్కలున్నాయా?"

"సగం ఉన్నాయమ్మా. సగం మా పొయ్యిలో పెట్టేశాను. మీరు మళ్ళీ అడుగుతారని నాకేం తెలుసు?"

"సగం చాలు" అంది మిత్సుయో.

వారం గడువు మీద కియొహారు ఇంటికొచ్చేసరికి గోడ పోయి, సగం పాత చెక్కలూ సగం కొత్తవీ వేసిన వసారా మళ్ళీ వచ్చింది. మర్నాడు, మిత్సుయో మళ్ళీ తువ్వాళ్ళ సంచీ తీసింది. ఈసారి ఆయనకు మంచి కోటు తొడిగి, మెడకు ఉన్ని గుడ్డ చుట్టి, చెయ్యి పట్టుకుని బయలుదేరింది. ప్రతి గుమ్మంలోనూ నడుం వంచింది.

"అప్పుడు మీకు అబద్ధం చెప్పాను. ఈయనకు మతిమరుపు జబ్బు. కనిపిస్తే పలకరించండి. కియొహారు సాన్ అని పేరు పెట్టి పిలవండి. తీసుకొచ్చి మా వసారాలో కూచోబెట్టండి. మీకు భారమే. అయినా అడుగుతున్నాను."

నుయి మామ్మ తువ్వాలు అందుకోకుండా ముందు తిట్టింది. "ఊరినిండా మనుషుల్ని పెట్టుకుని గోడ కట్టుకుంటావా? ముసిలాణ్ణి పలకరించడానికి మాకేమన్నా ఖర్చా?" అందుకున్నాక మాత్రం ఆ తువ్వాలుతోనే కళ్ళు తుడుచుకుంది. ఒకింట్లో కోడలు, "మా మామగారినే చూసుకోలేక చస్తున్నాం" అని తలుపు వేసేసింది. ఆ మాట మిత్సుయోకి గుచ్చుకుంది, కానీ అందులో తప్పేమీ కనపడలేదు. ఇవావొ, "పొద్దున్న నాతో తోటకు రండి సార్, ఇద్దరం నడుద్దాం" అన్నాడు. కియొహారు వెంటనే వేలు చాచి, "ప్రయాణికుడు, ఎక్కాడు!" అని అరిచాడు. అంత దుఃఖంలోనూ మిత్సుయోకి నవ్వొచ్చింది. ఆస్పత్రావిడ అడిగితే చెప్పడానికి కొన్ని పేర్లయినా దొరికాయి. అవి సరిపోతాయో లేదో తెలియదు.

సంచీలో ఒక తువ్వాలు మిగిలింది. దాన్ని కియొహారే పట్టుకున్నాడు. ఇల్లు చేరాక తలుపు తీద్దామని ఆమె ముందుగా వసారా ఎక్కి వెనక్కి తిరిగింది. ఆయన కింద దారిలోనే ఆగిపోయాడు. కోటు సర్దుకున్నాడు. పరాయి ఇంటి ముందు నిలబడ్డట్టు ఆమెకేసి చూసి, నడుం బాగా వంచి, తువ్వాలు రెండు చేతులతో ముందుకు చాచాడు.

"కొత్తగా వచ్చామండీ. నేనూ, మా ఆవిడా. నాకీమధ్య ఏదీ గుర్తుండటం లేదు. ఆవిడకిక్కడ ఎవరూ లేరు. మీరు కాస్త కనిపెట్టుకుని ఉండండి."

మిత్సుయో వసారా మీద మోకరించి, తువ్వాలు రెండు చేతులా అందుకుని, ఆయన వంగినంతా వంగింది.

"అలాగేనండీ. రండి, వచ్చి కూచోండి."

కియొహారు బూట్లు విప్పి, పాత చెక్కల వైపు జరిగి కూచున్నాడు.