మాట రాని వీడియో

మొన్న సిరిసిల్లలో మా ఇంటికి కొత్త టీవీ బిగించడానికి వచ్చిన మెకానిక్, పాత టీవీ వెనక నుంచి ఒక ఎర్రటి పెన్‌డ్రైవ్ పీకి నా చేతిలో పెట్టాడు. “గిప్పుడు గివి ఎవలు పెడుతుండ్రమ్మా? అంతా ఫోన్ల నుంచే సూస్తుండ్రు” అని నవ్వాడు. నేనూ నవ్వాను. అతను వెళ్ళేదాకా దాన్ని పిడికిట్లోంచి వదల్లేదు.

అది మా అన్న పంపింది. ఆయన కోరుట్లలో సంఘకాపరి. ఆయన వాక్యం చెబితే జనం తల ఊపేవాళ్ళు, మా వదిన ప్రార్థన చేస్తే ఏడ్చేవాళ్ళు. చిన్నప్పుడే కీర్తనలన్నీ కంఠతా పట్టినదాన్ని నేను. అయినా ఏదైనా దేవుడికి చెప్పుకునే ముందు వదినకు చెప్పుకోవడం అలవాటు. ఓ వేసవిలో ఇద్దరం చింతపండులో గింజలు తీస్తూ కూర్చున్నప్పుడు, ఎవరికీ చెప్పని మాట ఆమెకు చెప్పాను. అంతకుముందు నా బిడ్డకు ఎన్ని మందులు వాడినా జ్వరం దిగకపోతే, పక్కింటామె వెంట ధర్మపురి బస్సెక్కి, గోదావరిలో పిల్లను ముంచి, అక్కడి గుడిలో ముడుపు కట్టి వచ్చాను. జ్వరం తగ్గింది, దేనికి తగ్గిందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. మా ఆయనకు తెలియదు. ఒక్క ఆదివారమూ ఆరాధన తప్పని మా అత్తకు అసలే తెలియదు. వదిన చింతపండు చేతులతోనే నా తల నిమిరింది. “దేవునికి ఎరుకే, నాకు ఎరుకే. ఇగ ఎవ్వలకు చెప్పద్దు చెల్లె” అంది. ఇంటికొచ్చి తలస్నానం చేస్తే, జిగురుతోపాటు మనసులో బరువు కూడా పోయింది.

కొన్నాళ్ళకు అన్న, కంప్యూటర్లో ఉన్న ప్రార్థన కూటాల వీడియోలన్నీ ఈ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి పంపాడు. ఆయనవన్నీ మా టీవీలో చక్కగా వచ్చాయి. జగిత్యాల స్త్రీల కూటంలో వదిన మాట్లాడినదానికి మాత్రం బొమ్మ వచ్చింది, శబ్దం రాలేదు. మైకు ముందు వదిన కళ్ళు తుడుచుకుంటోంది. ఎదుట ఆడవాళ్ళంతా కొంగులు అద్దుకుంటున్నారు. ఏం చెబుతోందో తెలియకుండానే నేనూ ఏడ్చాను. రిమోట్ గుండీలన్నీ నొక్కాను. “ప్రార్థన చెయ్యి, అదే అస్తది” అంది అత్త. అదీ చేశాను. చివరికి కంప్యూటర్ దుకాణంలో ఇస్తే, అక్కడి కుర్రాడు “దీని ఆడియో మీ టీవీకి పడతలేదక్కా” అని, ఫైలు మార్చి పాతదాని పక్కనే ఎక్కించి ఇచ్చాడు.

శుక్రవారం మా ఇంట్లో ఆడవాళ్ళ ప్రార్థన. “మా వదిన మాట్లాడుతది, సెల్లులు బందు పెట్టుండ్రి” అన్నాను గొప్పగా. ఈసారి శబ్దం వచ్చింది.

“పేరు చెప్ప గని అక్కలారా, సిరిసిల్లల ఒక చెల్లె ఉన్నది. ఆమె అన్న సేవకుడే. పెనిమిటి సాంచెల మీద బట్ట నేస్తడు. బిడ్డకు జ్వరమస్తె ధర్మపురికి పోయి గోదాట్ల ముంచిందట…”

మా సాక్ష్యాల్లో పేరు చెప్పకపోతే రహస్యం దాచినట్టే. ఊరు, ఇల్లు, జ్వరం, ఏదైనా చెప్పవచ్చు. రిమోట్ నా ఒళ్ళోనే ఉంది, ఆపడం తోచలేదు. అత్త టీవీ మీంచి చూపు తిప్పి, “మన బుడ్డదానికేనా?” అంది. తలూపాను. సాయంత్రం సంగతి విని మా ఆయన, “నాకెందుకు చెప్పలే?” అన్నాడు, అంతే. ఆ తర్వాత శుక్రవారాలు వెనక వీధికి మారాయి.

వదినకు ఫోన్ చేస్తే, “నీ పేరు చెప్పలేదు కద చెల్లె!” అని నిజంగానే ఆశ్చర్యపోయింది. “నీ కోసం జగిత్యాలల అందరు మోకరించిండ్రు.”

ఎన్నిసార్లు క్షమించాలో వాక్యం లెక్క చెప్పింది, ఏడు డెబ్భైల సార్లని. ఆ లెక్కలో నేనింకా మొదటిదాని దగ్గరే ఉన్నాను. శబ్దం ఉన్న ఫైలును అప్పుడే తీసేశాను గానీ, మాట రానిదాన్ని ఉంచుకున్నాను; అప్పుడప్పుడూ పెట్టుకుని, నన్ను ఓదార్చిన ఆ ముఖాన్ని చూసుకునేదాన్ని. నిన్న దాన్నే కొత్త టీవీకి పెట్టాను. కొత్తది కదా, దీనికి అన్నీ పడతాయి. “పేరు చెప్ప గని అక్కలారా” అంది వదిన, గదంతా వినిపించేలా. ఆమె ఏం చెబుతోందో తెలియక ఏడ్చిన ఆ నాలుగు రోజులు ఇక ఏ టీవీలోనూ రావు.